అప్‌డేట్: ఫోన్ వీడియో ఎడిటింగ్‌లోకి సరిగ్గా వచ్చింది

ముందు అడిగింది ఇదీ: ఫోన్‌లో తీసిన 40 నిమిషాల ఇంటర్వ్యూ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్‌లో (క్లిప్‌లు వరసగా పేర్చే చోట) ఆగి ఆగి ఆడుతోంది, చివరికొచ్చేసరికి పెదాలకీ మాటకీ పొంతన ఉండట్లేదు. పరిష్కారం దొరికింది. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

మీరు చెప్పినట్టే మీడియాఇన్ఫోలో (ఫైల్ సాంకేతిక వివరాలు చూపించే యాప్) ఫైల్ తెరిస్తే రెండు సంగతులు తేలాయి. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్‌ఈవీసీ 10 బిట్; బాగా కుదించిన దాన్ని విప్పడం కంప్యూటర్‌కి భారం, అందుకే నత్తనడక. ఫ్రేమ్ రేట్ మోడ్ 'వేరియబుల్', అంటే సెకనుకు ఫ్రేముల సంఖ్య మారుతూ ఉంటుంది; మాట తప్పడానికి అసలు కారణం అదే. వెలుతురు తగ్గితే ఫోన్ సెకనుకు తీసే ఫ్రేములు తగ్గిస్తుంది; ఎడిటర్ మాత్రం అన్నీ సమానమనుకొని పేరుస్తుంది. ఫైల్ పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ని ఎంఓవీ అని మార్చితే ఏ ఉపయోగమూ లేదు, లోపలి కోడెక్ అదే ఉంటుంది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో (కమాండ్‌లతో వీడియో మార్చే ఉచిత ప్రోగ్రామ్) ప్రోరెస్ 422కి (ఎడిటింగ్‌కి తేలికగా ఉండే ఆపిల్ కోడెక్) మార్చాను. సెట్టింగులు: ప్రొఫైల్ 2, పిక్సెల్ ఫార్మాట్ (రంగు వివరం దాచే తీరు) 4:2:2 10 బిట్, ఎఫ్‌పీఎస్ ఫిల్టర్‌తో స్థిరంగా 30, ఆడియో 16 బిట్ పీసీఎం (కుదించని ధ్వని), 48 కిలోహెర్ట్జ్. టైమ్‌లైన్ కూడా 30కే పెట్టాలి, 29.97కి కాదు. మొత్తం మార్చాక చివరి రెండు నిమిషాలు చూడండి, తేడా బయటపడేది అక్కడే.

డిస్క్‌లో చోటు మాత్రం బాగా కావాలి: 1080పీలో నిమిషానికి సుమారు 1.1 జీబీ, అంటే ఈ ఇంటర్వ్యూకే 44 జీబీ. ఒరిజినల్‌ను చెరపకండి. హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియో మార్చే ఇంకో ఉచిత యాప్) ఫ్రేమ్ రేట్‌ని 'కాన్‌స్టంట్' (స్థిరం) అని పెట్టినా మాట కుదురుతుంది.