స్లాట్‌ను గాడి అనాలా, గండి అనాలా, గాటు అనాలా?

ప్రశ్న (హనుమకొండ): మా చెల్లె ఇక్కడే ఎం.టెక్. చేస్తున్నది. మైక్రోస్ట్రిప్ ప్యాచ్ యాంటెన్నాలో (బోర్డు మీది పలుచని రాగి పలకే, అంటే ప్యాచే, ఇందులో యాంటెన్నా) ఫ్రాక్టల్ ఆకారపు స్లాట్లు, అంటే ఆ రాగిలో కోసే సన్నని ఖాళీలు, ఆమె ప్రాజెక్టు. ఇంటర్ పిల్లల కోసం దాని గురించి తెలుగులో రెండు పేజీలు రాస్తున్నా. యాంటెన్నా, ప్యాచ్ అట్లనే ఉంచిన. స్లాట్‌ను "గాడి" అనొచ్చా?

కాజీపేట మేడం: గాడి వద్దండీ. గాడి అంటే దాని వెంట ఏదో నడవాలి. ఇక్కడ రాగి పొరను ఆ మేరకు పూర్తిగా తీసేస్తారు, కింద బోర్డు మిగులుతుంది. కరెంటు స్లాట్‌లోంచి పోలేక దాని చుట్టూ తిరిగి పోతుంది. ఆ చుట్టుదారి కోసమే స్లాట్ కోసేది. 1.6 మి.మీ. మందమున్న ఎఫ్ఆర్4 (గాజుపీచు, ఎపాక్సీ కలిపి చేసిన) బోర్డు మీద 2.4 గిగాహెర్ట్జ్‌కు మామూలు ప్యాచ్ సుమారు 38 మి.మీ. వెడల్పు, 29 మి.మీ. పొడవు వస్తుంది. కరెంటుకు అడ్డంగా స్లాట్ పెడితే దారి పొడవై, అంతకంటే చిన్న ప్యాచే ఆ ఫ్రీక్వెన్సీకి సరిపోతుంది.

ములుగు నుంచి: అయితే "గండి" అనండి. రామప్ప, లక్నవరం చెరువుల దిక్కోళ్ళం, మాకు చప్పున అర్థమైతది.

కాజీపేట మేడం: గండి పడితే నీళ్ళు దాంట్లోంచే పోతాయి కదా సార్! అర్థం తలకిందులవుతుంది. నా ఓటు "గాటు"కే. కోత పడినా ముక్క విడిపోలేదని ఆ మాటలోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు: గాటు బాగుంది మేడం. మరి ఫ్రాక్టల్?

జనగామ నుంచి: గణితవేత్త మాండెల్‌బ్రాట్ 1975లో ఆ మాటను లాటిన్ "ఫ్రాక్టస్" నుంచి తీశాడు, విరిగినది అని. సంస్కృతంలో "భిన్నం" కూడా అదే. పైగా గణితవేత్త కోచ్ పేరున్న ఫ్రాక్టల్ గీత పరిమాణం (డైమెన్షన్) సుమారు 1.26, పూర్ణాంకం కాదు. "భిన్నాకార గాటు" అంటే రెండూ కలిసొస్తాయి.

కాజీపేట మేడం: ముచ్చటగానే ఉంది కానీ, చదివే పిల్ల "వేరే రకం ఆకారం" అనుకుంటుంది. అసలు సంగతి విరగడం కాదు, అదే రూపం చిన్నచిన్నగా మళ్ళీమళ్ళీ రావడం. ఫ్రాక్టల్ అనే ఉంచి, కోచ్ 1904లో చెప్పిన గీతను గీసి చూపండి. గీతను మూడు సమాన భాగాలు చేసి, నడిమి భాగం బదులు అంతే పొడవున్న రెండు గీతలతో మొన నిలపాలి. వచ్చిన ప్రతి ముక్కకూ మళ్ళీ అదే పని. గీత పొడవు విడతకు 4/3 రెట్లవుతుంది, మూడు విడతలకే దాదాపు 2.37 రెట్లు.

ప్రశ్న అడిగినవారు: ఇట్లా రాసిన, చూడండి: "ప్యాచ్‌లో ఫ్రాక్టల్ గాటు పెడితే కరెంటు దారి పెరుగుతుంది. ఎన్ని విడతలు పెంచితే అంత మంచిది."

కాజీపేట మేడం: రెండో వాక్యం కొట్టేయండి. సన్న వంకరలన్నిటి వెంటా కరెంటు తిరగదు, రెండు మూడు విడతలు దాటితే లాభం తగ్గిపోతుంది. ఎచింగ్‌లో (రసాయనంతో రాగిని కరిగించి తీసేటప్పుడు) ఆ మొనలు సరిగ్గా రావు కూడా. సైజు తగ్గించినకొద్దీ బ్యాండ్‌విడ్త్ (యాంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీల మేర), గెయిన్ (ఒక దిక్కుకు సిగ్నల్ పంపే బలం) కూడా సాధారణంగా తగ్గుతాయి. ఆ ముక్క తప్పకుండా చేర్చండి.