పాత వాల్వ్ రేడియో విప్పి పార్టులు వాడుకోవచ్చా, బాగు చేసుకోవాలా?

తిరుపతి_టంకం: మా జేజబ్బ కొన్న వాల్వ్ రేడియో (లోపల గాజు వాల్వులుండే పాత రకం) ఒకటి, చిన్న ట్రాన్సిస్టర్ సెట్టు ఒకటి అటక మీద దొరికినాయి, రెండూ పలకడం లేదు. స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ తీసి మా వాడితో బ్యాటరీ లేకుండా పలికే క్రిస్టల్ రేడియో చేయిద్దామని, ఏసీ128 అనే పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో గిటార్ ఫజ్ (గిటార్ సౌండుని గరగరలాడించే పెట్టె) కట్టుదామని ఆశ. మా మామేమో రేడియో విప్పితే ఊరుకోనంటా ఉండాడు. మీరేమంటారు?

చిత్తూరు_వాల్వు: విప్పొద్దన్నా. వాల్వ్ సెట్లో ఎక్కువగా పోయేది పేపర్ కండెన్సర్లు, ఫిల్టర్ కండెన్సర్లు, అవి మారిస్తే చాలాసార్లు పలుకుతాది. నేను పదహారేళ్ళప్పుడు ఐఎఫ్ కాయిల్ (లోపల సిగ్నల్‌ని సర్దే తీగచుట్ట) పీకబోయి లోపలి కోరు పగలగొట్టినా, ఆ సెట్టు మళ్ళీ పలకలా, ఇప్పటికీ బాధే.

ఫజ్_పిచ్చి: నేనొప్పుకోను. అటక మీద ఇంకో ముప్పై ఏళ్ళు దుమ్ము పట్టే బదులు పిల్లోడి చేతిలో పడితేనే దానికి విలువ. జెర్మేనియం డయోడు 0.2, 0.3 వోల్టులకే పని మొదలెడతాది, సిలికాన్‌కి 0.6 పైన కావాల, అందుకే బ్యాటరీ లేని రేడియోకి పాత డయోడే మేలు.

చిత్తూరు_వాల్వు: అబ్బోడా, డయోడు సరే, స్టేషనేదీ? తిరుపతి ఆకాశవాణి ఎఫ్ఎమ్, క్రిస్టల్ సెట్టుకి మీడియం వేవ్ కావాల, మనకి కడప లాంటి దూరపు స్టేషన్లే దిక్కు, అంత దూరం నుంచి పొడుగు ఏరియల్, గట్టి ఎర్తు పెట్టినా సన్నగానే వినపడతాది, వెనకాల ఒక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ పెట్టుకోవాల్సిందే. ఫజ్ సంగతీ అంతే, వేడి పదేసి డిగ్రీలు పెరిగితే జెర్మేనియంలో లీకేజి కరెంటు దాదాపు రెట్టింపు, మే నెల మన ఎండకి సాయంత్రానికి సౌండే మారిపోతాది. బయాస్ (ట్రాన్సిస్టర్‌కిచ్చే వోల్టేజి) సర్దుకోడానికి ప్రీసెట్ (స్క్రూతో తిప్పే చిన్న రెసిస్టర్) పెట్టుకో. ఏసీ128 పీఎన్‌పీ, అంటే మామూలు ఎన్‌పీఎన్‌కి ఉల్టా రకం, బ్యాటరీ తిరగేసి తగిలించొద్దు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. వాల్వ్ సెట్లో హెచ్‌టీ (వాల్వులకిచ్చే హై వోల్టేజి) 250 వోల్టుల దాకా ఉంటాది, ప్లగ్ పీకినాక కూడా ఫిల్టర్ కండెన్సర్లో నిలిచి ఉంటాది. కొన్ని ఏసీ/డీసీ సెట్లలో చాసీకే (లోపలి రేకు చట్రానికే) మెయిన్సు కరెంటు తగిలి ఉంటాది. పిల్లోడిని దాని దగ్గర కూర్చోబెట్టొద్దు.

తిరుపతి_టంకం: ట్రాన్సిస్టర్ సెట్టు బోర్డు రెండుగా విరిగిపోయిండాది, దాన్నే విప్పుతా, గ్యాంగూ అందులోదే తీసుకుంటా. వాల్వ్‌ది మటుకు ముట్టుకోను. ఆదివారం చిత్తూరు తెస్తే చూస్తావా అన్నా?

చిత్తూరు_వాల్వు: తీసుకురా. దారిలో ప్లగ్ పెట్టి చూడబాకు.