గోల్డ్‌క్రెస్ట్‌ని ముంచింది భారీ బడ్జెట్టా, తొందరా?

మద్దిలపాలెం వాసి: మా ఫిల్మ్ క్లబ్‌లో తేలని వాదన ఇది. బ్రిటన్‌లో గోల్డ్‌క్రెస్ట్ అనే చిన్న నిర్మాణ సంస్థ 1977లో మొదలై, 1982లో వచ్చిన 'గాంధీ'తో 8 ఆస్కార్ల దాకా వెళ్లింది. ఆ సినిమాలో మన కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ డబ్బు కూడా ఉంది. తర్వాత 1985లో 'రివల్యూషన్', 'అబ్సల్యూట్ బిగినర్స్', 'ద మిషన్' మూడూ సెట్స్ మీదికి ఎక్కించింది. 1987కల్లా కంపెనీ చేతులు మారిపోయింది. చిన్న కంపెనీ పెద్ద సినిమా జోలికి పోకూడదు. వైజాగ్‌లో బ్యానర్ పెడతామని వచ్చే కుర్రాళ్లకి నేను చెప్పేది ఇదే.

గాజువాక ప్రొడక్షన్: ఒప్పుకోను మాస్టారూ. 'గాంధీ' మాత్రం చిన్న సినిమానా? కాకపోతే దానికి డబ్బు పెట్టినవాళ్లు వేరే కూడా ఉన్నారు, భారం పంచుకున్నారు. 1985లో ఒక సినిమా డబ్బు తిరిగి రాకముందే ఇంకోటి మొదలుపెట్టారు. మూడింటిలో 'రివల్యూషన్', 'అబ్సల్యూట్ బిగినర్స్' రెండింటి ఖర్చు బడ్జెట్ దాటేసింది. 'రివల్యూషన్' కథ అమెరికాది, న్యూయార్క్ సెట్ వేసింది ఇంగ్లండ్‌లోని కింగ్స్ లిన్‌లో. అక్కడ వాన వదల్లేదు.

వాన అంటే ఏంటో అరకులో చూశాను. ఓ చిన్న సినిమాకి ప్రొడక్షన్ చూస్తున్నప్పుడు పొద్దున్నే మంచు, పదింటికల్లా వాన. కెమెరా వ్యాన్‌లోంచి దిగలేదు. అయినా సాయంత్రం లైట్‌మెన్‌కి, డ్రైవర్లకి బేటా, అంటే రోజు భత్యం, ఇవ్వాల్సిందే. జనరేటర్ అద్దె, రూముల బిల్లు ఆగవు. మా నిర్మాత లాడ్జి మెట్ల మీద కూర్చుని ఫైనాన్షియర్‌కి ఫోన్ మీద ఫోన్ చేశారు. ఒక్క సినిమాకే అంత టెన్షన్. ఒకేసారి మూడంటే ఎవరు తట్టుకుంటారు?

భీమిలి రోడ్: 'రివల్యూషన్' ఖర్చు రెండున్నర కోట్ల డాలర్ల పైనే, అమెరికాలో నాలుగు లక్షలు కూడా రాలేదు. విడిగా తీసినా కంపెనీని ముంచేసేది కదా అన్నా?

గాజువాక ప్రొడక్షన్: దెబ్బ గట్టిగానే తగిలేది తమ్ముడూ, కానీ మిగతా రెండింటికి పెట్టిన డబ్బు చేతిలో ఉంటే లేచి నిలబడేవాళ్లు. 'ద మిషన్' 1986లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అగ్ర బహుమతి తెచ్చుకున్నా అప్పటికే ఆలస్యమైపోయింది. ఇక్కడా అదే చూస్తున్నాను. ఓటీటీ వాళ్లు ఫోన్‌లో సరేనంటే చాలు, రెండో సినిమాకి కొబ్బరికాయ కొట్టేస్తున్నారు. అగ్రిమెంట్ అయి, అకౌంట్‌లో మొదటి విడత పడేదాకా ఆగమనే నా గొడవ.

మద్దిలపాలెం వాసి: మూడు ఒకేసారి వద్దన్నది ఒప్పుకుంటున్నాను. బడ్జెట్ సంగతిలో మాత్రం నా మాట మారదు. 'గాంధీ'కి దొరికినట్టు తోడు డబ్బు పెట్టేవాళ్లు మన కుర్రాళ్లకి ఎక్కడ దొరుకుతారో ముందు అది చెప్పండి.