జపాన్‌లో విదేశీ ఐస్‌క్రీమ్ నిలదొక్కుకోవాలంటే అక్కడి కంపెనీ తోడు ఉండాల్సిందేనా?

టోక్యోవాసి:
అమెరికా ఐస్‌క్రీమ్ బ్రాండ్ హాగెన్-డాస్ 1984లో టోక్యోలోని అవోయామాలో మొదటి షాపు తెరిచింది. ఈ రోజు ఏ కన్వీనియన్స్ స్టోర్ ఫ్రీజర్‌లో చూసినా ఉంది. మరో అమెరికా బ్రాండ్ కోల్డ్ స్టోన్ 2005లో టోక్యోలోనే రొప్పొంగి హిల్స్‌లో దిగింది. సిబ్బంది పాటలు పాడుతూ చల్లటి రాతి మీద ఐస్‌క్రీమ్ కలిపి ఇస్తుంటే జనం క్యూ కట్టారు. ఆ ఊపు కొన్నేళ్లకే చల్లారింది. జపాన్ కంపెనీతో కలిసి నడిచినవే నిలిచాయని నా వాదన. మీరేమంటారు?

మీగడప్రియ:
ఒప్పుకోనండి. సరుకులో దమ్ముండాలి. జపాన్‌లో పాల ఘనపదార్థాలు (పాలలో నీరు పోగా మిగిలేవి) 15 శాతం, అందులో కొవ్వు 8 శాతం ఉంటేనే 'ఐస్‌క్రీమ్' అని రాయనిస్తారు. తగ్గితే ఐస్ మిల్క్, ఇంకా తగ్గితే లాక్టో ఐస్. అందరూ తినే మెయిజీ కంపెనీ సూపర్ కప్ లాక్టో ఐసే. అలాంటి చోట హాగెన్-డాస్ 110 మిల్లీలీటర్ల చిన్న కప్పుకు 300 యెన్లకు పైగా పెడుతున్నారంటే అది రుచి కోసమే. మూత కింది రేకు లాగి చూడండి, చెంచా ఒక పట్టాన దిగదు. అంత చిక్కన.

పాతకాపు:
మీగడప్రియ గారూ, రుచే సరిపోతే అమెరికా కంపెనీ బోర్డెన్ వారి లేడీ బోర్డెన్ ఐస్‌క్రీమ్ కథ అలా తిరిగేది కాదు. 1971 నుంచి మెయిజీ పాల కంపెనీ తయారుచేసి అమ్మితే, ఖరీదైన ఐస్‌క్రీమ్ అంటే జపాన్‌లో ఆ పేరే వినిపించేది. 1990లో ఐస్‌క్రీమ్ దిగుమతులకు తలుపులు తెరిచారు. ఇక మెయిజీ ఎందుకు, మనమే అమ్ముకుందాం అనుకుంది అమెరికా బోర్డెన్. తెగతెంపులయ్యాయి. మెయిజీ ఊరుకుంటుందా? 'ఆయా' పేరుతో సొంత ఐస్‌క్రీమ్ దించింది. దుకాణాలతో ఏళ్ల తరబడి ఉన్న పరిచయమంతా మెయిజీదే మరి. బోర్డెన్ చతికిలబడి 1994లో పేరును లొట్టె అనే మిఠాయి కంపెనీ చేతిలో పెట్టింది. ఇప్పటికీ లొట్టెనే అమ్ముతోంది. పేరు అదే, చేయి మారింది, అంతే.

ముప్పైఒకటి:
అమెరికా బ్రాండ్ బాస్కిన్ రాబిన్స్ కూడా అంతే. 1973లో ఫుజియా మిఠాయి కంపెనీతో కలిసి వచ్చింది. ఇప్పుడు వెయ్యికి పైగా షాపులున్నాయి. జపాన్ వాళ్లకు అది 'సాతీవన్' (అంటే థర్టీ వన్), అసలు పేరు అడిగితే చాలామంది తడుముకుంటారు.

మీగడప్రియ:
సరే, బోర్డెన్ సంగతి ఒప్పుకుంటా. కానీ హాగెన్-డాస్ 2013లో షాపులన్నీ మూసేసింది కదా! తోడు ఉండీ ఏం లాభం?

టోక్యోవాసి:
షాపులు మూసింది గానీ వ్యాపారం మూయలేదండీ. పానీయాల కంపెనీ సన్‌టోరి, తకనాషి పాల కంపెనీ మొదటి నుంచీ అందులో భాగస్వాములు. హొక్కైడో పాలు, గున్మాలో ఫ్యాక్టరీ, 1996లో గ్రీన్ టీ రుచి, ఇవన్నీ ఇక్కడివాళ్లు పక్కన ఉండబట్టే కుదిరాయి. స్టోర్ ఫ్రీజర్‌లో చోటు దొరికాక సొంత షాపుకు అద్దె కట్టడం దేనికి? మీరన్న రుచి నిజమే, కాదనను. ఆ పాలు తకనాషివి.