మ్యాపులో పైకి పోయే నదికి ఎగువ ఎటు?

ప్రశ్న: కెనడాలోని మెకెంజీ నది మీద ఒక వ్యాసం రాస్తున్నాను. "నది ఎగువకు ప్రవహించి ఆర్కిటిక్ మహాసముద్రంలో కలుస్తుంది" అన్న వాక్యాన్ని మా ఎడిటర్ గారు కొట్టేశారు. మ్యాపులో అది పైకే కదండీ పోతోంది?

జవాబు: కొట్టేయడమే సరైనదండీ. నీరు పల్లమెరుగు అన్నారు. ఎగువ, దిగువ కూడా ఆ పల్లాన్ని బట్టి వచ్చిన మాటలే. ఈ నది గ్రేట్ స్లేవ్ సరస్సులో మొదలై, వాయవ్యంగా 1,738 కిలోమీటర్లు పోయి, ఆర్కిటిక్‌లో భాగమైన బ్యూఫోర్ట్ సముద్రంలో కలుస్తుంది. కాబట్టి దానికి దక్షిణమే ఎగువ. సరస్సు దగ్గరున్న ఫోర్ట్ ప్రావిడెన్స్ ఎగువ ఊరు, డెల్టాలోని ఇనువిక్ దిగువ ఊరు. అక్కడివాళ్ళు ఇంగ్లీషులో కూడా "డౌన్ నార్త్" అనే అంటారు.

నేనింత పట్టుబట్టడానికి కారణం వరద. వసంతంలో వెచ్చదనం ముందు ఎగువకే వస్తుంది. అక్కడ నది మీది ఐసు పగులుతుంటే దిగువన ఇంకా గట్టిగానే ఉంటుంది. కొట్టుకొచ్చిన పలకలు అక్కడ తట్టుకుని, ఒకదాని మీదొకటి ఎక్కి అడ్డుకట్ట వేస్తాయి. వెనకాల నీళ్ళు ఎగదన్ని ఊళ్ళ మీద పడతాయి. లియార్డ్ నది వచ్చి కలిసే చోట, ఒక దీవి మీద ఉంది ఫోర్ట్ సింప్సన్. 2021 మే నెలలో ఆ ఊరు ఇలాగే మునిగి, జనం ఇళ్ళు వదిలి పోవాల్సి వచ్చింది. మీ వాక్యంలో ఎగువ దిగువలు తారుమారైతే, ఆ వరద ఎందుకొచ్చిందో చదివేవాళ్ళకి ఎప్పటికీ అర్థం కాదు.

ఇంకో మాట. "మెకెంజీ కనిపెట్టిన నది" అని మాత్రం దయచేసి రాయకండి. స్కాట్లాండ్‌లో పుట్టిన అన్వేషకుడు అలెగ్జాండర్ మెకెంజీ 1789లో పసిఫిక్‌కి దారి దొరుకుతుందన్న ఆశతో ఈ నది వెంట దిగాడు, తేలింది ఆర్కిటిక్‌లో. ఆయన వెంట అవ్గీనా అనే చిపెవ్యాన్ ఆదివాసీ నాయకుడు ఉన్నాడు. దారి పొడవునా డెనె అనే ఆదివాసీ ప్రజల ఊళ్ళున్నాయి. వాళ్ళకిది దేచో, అంటే పెద్ద నది. డెల్టాలో ఉండే ఇనువియాలుయిట్ అనే మరో ఆదివాసీ ప్రజలు కూక్‌పాక్ అంటారు, దానర్థం కూడా అదే. వ్యాసంలో మొదటిసారి పేరు వచ్చినప్పుడే దేచో అని కూడా రాస్తే బాగుంటుంది.

ప్రశ్న: తప్పకుండా రాస్తానండీ. మరి ఆ ఐసు పగలడానికి "మంచు కరగడం" సరిపోతుందా?

జవాబు: చాలదండీ. అది కరిగిపోయేలోపే విరిగి కదులుతుంది, ప్రమాదమంతా అందులోనే ఉంది. పైగా మనకి మంచు అంటే తెల్లవారుజామున కురిసేది కూడా. "ఐసు విరుగుడు" అందామంటే మందేమో అనుకుంటారు. నేనైతే "ఐసు విరిగే రోజులు" అంటాను. ఉదాహరణకి, 2012లో ఫోర్ట్ ప్రావిడెన్స్ దగ్గర దేచో వంతెన తెరిచేదాకా, నదికి ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్ నగరానికి సరుకు తెచ్చే లారీలు ఎండాకాలం ఫెర్రీ మీద, చలికాలం ఐసు రోడ్డు మీద నది దాటేవి. ఐసు విరిగే రోజుల్లో రెండూ ఉండేవి కావు, లారీలు ఇవతలి ఒడ్డునే ఆగిపోయేవి.