అప్‌డేట్: ఒహాయోలో అందరం కలిశాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మతో సహా 22 మందిమి అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఎక్కడ కలిస్తే బాగుంటుందని అడిగాను కదా. చివరికి కొండలూ గుహలూ ఉండే హాకింగ్ హిల్స్ పార్కుకే వెళ్లాం, కొలంబస్ నుంచి గంట దారి. షికాగో బాబాయి మాత్రం దూరమని సణిగాడు (ఆయన దేనికి సణగడు గనక!).

అక్కడి యాష్ కేవ్ అనే గుహకి దారి చదునుగా, పావు మైలే ఉంది. వీల్‌చైర్ సాఫీగా వెళ్లింది. 700 అడుగుల వెడల్పున్న ఆ రాతి చూరును తలెత్తి చూసి అమ్మమ్మ, "ఇంత పెద్ద వసారా ఎవరు వేశార్రా?" అంది. ఓల్డ్ మ్యాన్స్ కేవ్‌లో మెట్లెక్కువ, అక్కడికి పిల్లలే వెళ్లారు.

సిగ్నల్ లేక పిన్నివాళ్లు క్యాబిన్ కోసం గంటసేపు తిరిగారు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోమని చెప్పకపోవడం నా తప్పే. వాళ్లొచ్చేసరికి పులిహోర గిన్నెలో పల్లీలే మిగిలాయి. అమ్మమ్మ అందులోనే పెరుగన్నం కలిపి పెట్టింది.