సమస్య: పిడి బిగించినంతఁ బిడి సడలెను

నిర్వాహకుడు: ఈ పాదమే చివర వచ్చేలా ఆటవెలది పద్యం పూరించాలి. కొత్త తలుపు పిడి వేసిన ప్రతివాడికీ తెలిసిన బాధే, అందుకే ఇచ్చాను. గడువు ఎల్లుండి రాత్రి. క్రితంసారిలా సమస్యను తేటగీతి ఛందస్సులోకి లాక్కుపోతే ఒప్పుకోను. ఎవరిని అంటున్నానో వారికి తెలుసు.

చిత్రిక:
లోని పిడిని ముందు లోనికి లాగుచు
మరనుఁ దిప్ప నిరుసు మరలి వచ్చె
బైటి పిడికి నందు పట్టు బొత్తిగ లేక
పిడి బిగించినంతఁ బిడి సడలెను

పట్టుకారు: ఇరుసంటే రెండు పిడులనూ కలిపే స్పిండిలే కదా, ఆ మాట ఇక్కడ హాయిగా ఒదిగింది. "మరను, మరలి" ఇంకా బాగుంది. జరిగేదీ అచ్చం అదే. 8 మి.మీ. చదరపు స్పిండిల్ రెండువైపులా సమంగా పొడుచుకొచ్చిందో లేదో చూడరు, లోపలి పిడిని లాగిపట్టి గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న మర) బిగించేస్తారు. బైటి పిడిలోకి దిగాల్సిన ముక్క తలుపులోనే ఉండిపోతుంది, నాలుగు రోజులకు పిడి చేతికి ఊడొస్తుంది. రెండు పిడులూ తొడిగి, పలకలు తలుపుకు ఆనేదాకా ఇద్దరూ చెరోవైపు నొక్కిపట్టాలి, ఆ తర్వాతే మర. అసలు పలక ఆనడమే లేదంటే స్పిండిల్ పొడవెక్కువని. హాక్సాతో కోసి, కోసిన అంచును ఆకురాయితో నూరాలి. నూరకపోతే ఆ గరుకు పిడి గూటిలో ఇరుక్కుంటుంది.

గణయతి: పని సంగతి సరే, మూడో పాదం చూడండి. "పిడికి నందు" అనగానే "పిడియందు" అని తోస్తుంది. "పిడికి నింత పట్టు బొత్తిగ లేక" అంటే ఏ గొడవా లేదు.

చిత్రిక: తీసుకున్నాను. కానీ చెబుతున్నది ఎవరు? "నీరు లేని చోట నీరు కాఱె" అన్న పాత సమస్య పూరణలో కుళాయి పిడి కింద కారే నీటికి వాషరు మార్పించిన మీరే కదా! మూతి నుంచి బొట్లు పడితే వాషరు, పిడి కింద ఊరితే ఓ-రింగు (రబ్బరు ఉంగరం). ఆ పద్యానికి అప్పట్లో చప్పట్లు కొట్టినవాళ్ళూ ఇక్కడే ఉన్నారు.

గణయతి: వాషరుకు యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరానికి ఉండాల్సిన పొత్తు) కుదిరింది, ఓ-రింగుకు కుదరలేదు.

సోమిదమ్మ:
పాత చిల్లులోనె పట్టుదలగ మర
బిరుసుగాను దిప్పఁ బిప్పి యయ్యెఁ
జెక్క, పళ్ళు దానిఁ జిక్కించుకొన లేక
పిడి బిగించినంతఁ బిడి సడలెను

చిత్రిక: "బిరుసుగాను"లో ఆ "ను" గణం నింపడానికి తెచ్చిన ఉత్త పూరణ. "బిగువు మీఱఁ దిప్పఁ" అనండమ్మా, యతి చెడదు. మిగతాదంతా కళ్ళకు కట్టింది.

పట్టుకారు: సోమిదమ్మ గారి రోగానికి మందు: చిల్లులోంచి పొడి దులిపి, రెండు మూడు అగ్గిపుల్లలు (మందు తల తీసేసి) ఫెవికాల్‌లో ముంచి బిగుతుగా దూర్చాలి. ఓ రాత్రి ఆరనిచ్చి, పైకి మిగిలింది బ్లేడుతో సమంగా కోయాలి. తర్వాత నడిమధ్య 2 మి.మీ. బిట్‌తో చిన్న చిల్లు, అందులోకి మర. చాలామంది వెంటనే పెద్ద మర ఎక్కిస్తారు. దాని తల పలక గుంటలో ఇమడదు, పలక ఓరగా నిలుస్తుంది.

గణయతి:
అడుగు నున్న చిన్న యల్లెన్ మరను మఱచి
పలక మరలు రెండు బలిమిఁ దిప్పి
పని ముగిసె నటన్నఁ బట్ట నూఁగుచు నది
పిడి బిగించినంతఁ బిడి సడలెను

చిత్రిక: మొదటి పాదం చివర వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. ర-ను-మ-ఱ-చి, అయిదు లఘువులు (పొట్టి అక్షరాలు)! ఏ ఇంద్రగణం స్వామీ ఇది? నిజమే, అల్లెన్ మరను మరిచారు, దాంతోపాటు గణాన్నీ మరిచారు.

సోమిదమ్మ: "మరను వీడి" అంటే సలం అనే ఇంద్రగణం వచ్చి కూర్చుంటుంది. పెద్దవారు, వదిలేయండి.

గణయతి: "వీడి"యే. టైపు చేసేటప్పుడు దొర్లింది.

చిత్రిక: కుళాయప్పుడూ టైపే దొర్లింది.

పట్టుకారు: ఛందస్సు మీరు తేల్చుకోండి. ఆ మరకు కొలత ముఖ్యం. ఎం6 (6 మి.మీ. మందం) గ్రబ్ స్క్రూకు 3 మి.మీ. అల్లెన్ కీ (ఆరు మూలల కడ్డీ), ఎం5కు 2.5. కొలతకు కాస్త చిన్న కీ పెట్టి తిప్పితే లోపలి ఆరు మూలలూ అరిగిపోతాయి, ఇక ఆ మర బిగియదు, ఊడదు. మర కొస స్పిండిల్ చదునుముఖం మీద ఆనాలి. అంచు మీద ఆనితే మొదట గట్టిగానే ఉంటుంది, పదిసార్లు తలుపు తీసేసరికి జారుతుంది.

సీతాకోక:
తలుపు పిడికి నేమొ ధన్యత చేకూరె
చేతిలోని దేమొ చేటు వడియె
చౌక టెస్టరున్నఁ జాలు నంచుఁ దలుపు
పిడి బిగించినంతఁ బిడి సడలెను

సోమిదమ్మ: అయ్యబాబోయ్! బిగిసిన పిడి తలుపుది, సడలిన పిడి టెస్టరుది!

చిత్రిక: మేమంతా ఒక్క పిడినే పట్టుకుని వేలాడుతుంటే రెండో పిడి తెచ్చారు. "చౌక, జాలు" యతి కూడా శుభ్రం.

గణయతి: చమత్కారం ఒప్పుకుంటాను. "టెస్టరు" తెలుగెప్పుడైంది?

సీతాకోక: "అల్లెన్" అయిన రోజే నండీ.

పట్టుకారు: టెస్టరు పిడి లోపల బోలు. అందులో చిన్న నియాన్ బల్బు, రెసిస్టరు, స్ప్రింగు ఉంటాయి. కరెంటు ఉందో లేదో చూడ్డానికి చేసింది, మెలిపెట్టడానికి కాదు. బలంగా తిప్పితే కడ్డీ నిలుస్తుంది, ప్లాస్టిక్ తిరుగుతుంది. పలక మరలకు 2వ నంబరు స్టార్ స్క్రూడ్రైవరే వాడాలి. రెంటినీ వేళ్ళతో సగం సగం ఎక్కించి, తాళంచెవి పెట్టి తిప్పి, పిడి నొక్కి వదిలి గడియ స్వేచ్ఛగా వెనక్కి వస్తోందా చూసి, ఆ తర్వాత ఒకటి మార్చి ఒకటి బిగించాలి. పిడి కిందికి వాలి లేవకపోతే, పలక మరలను అర చుట్టు వదులు చేసి చూడండి. లేచిందా, పలక ఒత్తుకుంటోంది. అప్పటికీ లేవలేదా, స్ప్రింగు పోయింది. ఇదంతా తలుపు తెరిచి పెట్టి, కింద చెక్క చీలిక దూర్చి చెయ్యాలి. పిడి లేనప్పుడు గాలికి మూసుకుంటే లోపలివాళ్ళు లోపలే.

నిర్వాహకుడు: ఇంకా ఒకరోజు ఉంది. పాత పిడికి, కొత్త పిడికి స్పిండిల్ నుంచి తాళంచెవి చిల్లుకు మధ్య దూరం కలవక, పలక బిగించినా తాళంచెవి దూరని సంగతి ఇంతవరకు ఒక్కరూ ముట్టలేదు. 85 మి.మీ. తాళానికి 65 పలక తెచ్చేవాళ్ళ మీద ఓ పద్యం రావాలి.

గణయతి: రాస్తున్నాను.

చిత్రిక: లఘువులు లెక్కపెట్టడానికి నేను కూర్చునే ఉన్నాను.